ముందు డిస్కు రాసుకుంటోంది, క్యాలిపర్ సర్దినా మళ్లీ అదే గోల

సెమిలిగుడ_సవారీ
నాది మౌంటెన్ బైకు, అంటే కొండ దారుల సైకిల్, కొని ఏడాది దాటింది. ముందూ వెనకా షిమానో హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) బ్రేకులు, తక్కువ ధర రకమే, రోటర్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కులు) 160 మి.మీ.వి. ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. వానలు మొదలయ్యాక ఒడిశాలోని పొట్టంగి మీదుగా సుంకి ఘాటీ దిగి సాలూరు దాకా వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ముందు చక్రంలో ‘శిస్ శిస్’ అని చప్పుడు. లీవరు వదిలేసినా ప్యాడ్ డిస్కుకి తగులుతూనే ఉంది. చక్రం ఎత్తి తిప్పితే కాసేపట్లోనే ఆగిపోతోంది. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే క్యాలిపర్ (డిస్కుని రెండు పక్కలా ప్యాడ్లతో పట్టే భాగం) బోల్టులు వదులు చేసి, సుత్తి పిడితో రెండు తట్లు తట్టి బిగించి డబ్బులు తీసుకున్నాడు. ఇంటికొచ్చేలోపే మళ్లీ మొదలు. లీవరు నొక్కి పట్టుకుని బోల్టులు బిగించే పద్ధతి నేనూ చేసి చూశాను. స్టాండు మీద బాగానే తిరుగుతోంది, రోడ్డు మీదికెళ్లి నాలుగు బ్రేకులు వేస్తే మళ్లీ మామూలే. మిత్రులంతా దేవ్‌మాలి కొండ ఎక్కుదామంటున్నారు, ఎక్కడం సరే, దిగేటప్పుడు ముందు బ్రేకు మీద అనుమానం పెట్టుకుని దిగలేను కదా. ఎవరైనా దారి చెప్పండి.

ఒక్క_గేరు
సుత్తి పిడి! డిస్కు బ్రేకుకి!

రాయగడ_పెడల్
ఒక్క మాట చెప్పండి ముందు. చప్పుడు ఆగకుండా వస్తోందా, లేక చక్రం చుట్టుకి ఒకసారి వస్తోందా? చుట్టుకోసారి అయితే రోటర్ వంగింది. ఆగకుండా అయితే క్యాలిపర్ పక్కకి ఉంది. ఇది తేలకుండా ఎవరు ఏం చెప్పినా గాల్లో రాయి వేసినట్టే.

సెమిలిగుడ_సవారీ
ఆగకుండానే వస్తోంది, అయితే ఒక చోట కొంచెం ఎక్కువగా వినిపిస్తోంది.

జైపూర్_రైడర్
అయితే రెండూ ఉన్నాయి. కొంచెం వంకర, కొంచెం క్యాలిపర్. వంకర సంగతి చేత్తో అయిపోతుంది, శుభ్రమైన గుడ్డ పట్టుకుని ఎక్కడ తగులుతోందో అక్కడ వ్యతిరేక దిశకి మెల్లగా నొక్కండి. ఐదు నిమిషాల పని. కొత్త రోటర్ కొనాల్సిన పని లేదు.

బరంపురం_బాబాయ్
తమ్ముడూ, అంత తొందరగా రోటర్ని వంచమని చెప్పకు. చక్రం ఫోర్కులో సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా రోటర్ వంచితే, రేపు చక్రం సరిగ్గా పెట్టాక మనం వంచిందే వంకర అవుతుంది. క్విక్ రిలీజ్ (ఇరుసు దగ్గరి లీవరుతో చేత్తోనే విప్పే) చక్రమైతే సైకిల్‌ని తలకిందులుగా కాకుండా నేల మీద నిలబెట్టి, ఆ ఇరుసు లీవరు వదులు చేసి, హ్యాండిల్ మీద కొంచెం బరువు వేసి, ఇరుసు పూర్తిగా లోపలికి కూర్చున్నాక బిగించాలి. ఘాటీ దిగి వచ్చాక చక్రం విప్పావా బాబూ? పంచరు గానీ పడిందా?

సెమిలిగుడ_సవారీ
విప్పాను బాబాయ్. సాలూరులో లాడ్జి మెట్లెక్కించడానికి ముందు చక్రం తీసి మోసుకెళ్లాం. పొద్దున మళ్లీ పెట్టుకుని బస్సు మీద ఎక్కించి తెచ్చాం.

రాయగడ_పెడల్
చక్రం తీసి ఉన్నప్పుడు ఎవరైనా బ్రేకు లీవరు నొక్కారా?

సెమిలిగుడ_సవారీ
చెప్పలేను. గది నిండా జనం, అందరి సైకిళ్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

రాయగడ_పెడల్
అక్కడే అనుమానం. మధ్యలో రోటర్ లేకుండా లీవరు నొక్కితే పిస్టన్లు (క్యాలిపర్ లోపల ప్యాడ్లని తోసేవి) మామూలుగా ఆగే చోటు దాటి బయటికి వచ్చేస్తాయి. ప్యాడ్లు రెండూ దగ్గరికి వచ్చేస్తాయి, తర్వాత చక్రం పెట్టినప్పుడు రోటర్ వాటి మధ్యలోకి బలవంతంగా దూరుతుంది. మా మిత్రుడి సైకిల్ విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్‌లో లగేజీ పెట్టెలో వచ్చినప్పుడు ఇదే జరిగింది. కోరాపుట్‌లో దింపుకుని చూస్తే ప్యాడ్ల మధ్య కాగితం కూడా దూరలేదు. అప్పట్నుంచి మా వాళ్లం చక్రం తీస్తే ప్యాడ్ల మధ్య మడతపెట్టిన అట్టముక్క పెట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాం. సైకిల్ కొన్నప్పుడు పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్క ఉంటే ఇంకా మంచిది, చాలామంది దాన్ని పారేస్తారు.

గుణుపురం_మాస్టారు
అందరూ ఇంత హైరానా పడుతున్నారు గానీ, కొంచెం రాసుకోవడం వల్ల వచ్చే నష్టం ఏమిటో చెప్పండి. ప్యాడ్‌కీ రోటర్‌కీ మధ్య అర మిల్లీమీటరు కూడా సందు ఉండదు. ఇంత సన్నని సందులో ఎప్పుడో ఒకప్పుడు తగలడం సహజం. వానలో అయితే మన ఎర్రమట్టి నీళ్లలో కలిసి రోటర్ మీద పూతలా పడుతుంది, ఆరాక రాలిపోతుంది, చప్పుడు పోతుంది. గంటల కొద్దీ బోల్టులు విప్పుతూ బిగిస్తూ కూర్చునే బదులు తొక్కుకుంటూ పోవచ్చు. నేను గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా వంశధార పక్కన ఎన్నోసార్లు ఆ చప్పుడుతోనే వెళ్లాను.

జైపూర్_రైడర్
మాస్టారూ, వంశధార పక్కన చదునైన రోడ్డు. సుంకి వేరు.

గుణుపురం_మాస్టారు
చదును అనేది తొక్కిన వాళ్లకి తెలుస్తుంది బాబూ.

ఒక్క_గేరు
ఆ చప్పుడుతో సుంకి దిగితే కోతులు ముందే దారిచ్చి చెట్లెక్కేస్తాయి, హారన్ ఖర్చు మిగులు.

దామన్‌జోడి_అక్క
మాస్టారుగారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. చక్రం ఎత్తి తిప్పినప్పుడు ధారాళంగా చాలాసేపు తిరుగుతూ, సన్నగా ‘టింగ్’ అని ఎక్కడో తగులుతుంటే దాన్ని వదిలేయొచ్చు. దాని వల్ల కాళ్లకి తెలిసేంత బరువేమీ పడదు. సవారీగారిది అలా లేదు, కాసేపట్లోనే ఆగిపోతోందని మొదటి పోస్టులోనే రాశారు. అలా పట్టేస్తున్న బ్రేకుతో ఘాటీ దిగకూడదు. లీవరు నొక్కకముందే రోటర్ వేడెక్కడం మొదలవుతుంది, వేడికి లోహం వ్యాకోచించి, కొన్నిసార్లు పక్కకి ఒరిగి ఇంకా ఎక్కువ రాసుకుంటుంది, ప్యాడ్ పైభాగం అద్దంలా నున్నగా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత నొక్కినా పట్టు ఉండదు. కొండ మీది నుంచి దిగే వాళ్లకి ఇది చప్పుడు సమస్య కాదు, ఆగడం సమస్య.

నాకు ఆయన రాసిన ఇంకో వాక్యం దగ్గర అనుమానం తగిలింది. క్యాలిపర్ సర్దితే స్టాండు మీద బాగుంది, నాలుగు బ్రేకులు వేశాక మళ్లీ వచ్చింది. క్యాలిపర్ పక్కకి ఉండటమే కారణమైతే, సరిగ్గా బిగించాక అలా తిరిగి రాదు. చక్రం వంకరగా కూర్చున్నా, రోటర్ వంగినా స్టాండు మీద కూడా రాసుకోవాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ చోటు మారుతోందంటే పిస్టన్లలో ఒకటి సరిగ్గా కదలడం లేదు. సవారీగారూ, ఒక పని చేయండి. క్యాలిపర్ కింద తెల్ల కాగితం పెట్టి, పై నుంచి ఫోన్ టార్చి వేసి, రోటర్ రెండు పక్కలా సందు చూస్తూ ఇంకొకరి చేత లీవరు మెల్లగా నొక్కించండి. రెండు ప్యాడ్లూ ఒకేసారి వచ్చి రోటర్‌ని తాకాలి. ఒకటి ముందుగా వచ్చి రోటర్‌ని అవతలి వైపుకి వంచుతూ నెడుతోందేమో చూసి రాయండి. అప్పటిదాకా బోల్టు ముట్టుకోకండి.

పర్లాకిమిడి_కుర్రాడు
మధ్యలో అడుగుతున్నాను, నాది కేబుల్ డిస్కు. నాకూ రాసుకుంటోంది. పిస్టన్, ఆయిల్ ఏమీ లేవు కదా దీంట్లో, నాకు ఇవన్నీ వర్తిస్తాయా?

రాయగడ_పెడల్
చక్రం కూర్చోవడం, రోటర్ వంకర, బోల్టులు, ఇవి నీకూ అంతే. మిగతాది వేరు. మామూలు కేబుల్ బ్రేకుల్లో ఒక్క ప్యాడే కదులుతుంది, బయటి వైపుది. అది వచ్చి రోటర్‌ని నెట్టి లోపలి ప్యాడ్‌కి ఆనిస్తుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ రోటర్ కొంచెం వంగాలి. అందుకని లోపలి ప్యాడ్‌ని రోటర్‌కి తగలకుండా వీలైనంత దగ్గరగా పెట్టాలి. చక్రం వైపు నుంచి చూస్తే ఆలెన్ కీ పెట్టే గుంట గానీ, చేత్తో తిప్పే చక్కీ గానీ ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెంగా తిప్పు. రాసుకునే దాకా తిప్పి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తీసుకో.

బరంపురం_బాబాయ్
కుర్రాడికి ఇంకొకటి. ప్యాడ్ అరిగిన కొద్దీ అందరూ కేబుల్‌నే లాగి బిగిస్తారు. అలా చేస్తూ పోతే క్యాలిపర్ మీద కేబుల్ లాగే చెయ్యి ముందే సగం తిరిగి ఉంటుంది, ఇక లీవరు పూర్తిగా నొక్కినా లాగడానికి చోటు మిగలదు. కేబుల్‌ని తీగ సాగిన మేరకే సర్దాలి. అరుగుదలని ప్యాడ్ల దగ్గర సర్దాలి.

పర్లాకిమిడి_కుర్రాడు
లోపలి వైపు ఆలెన్ గుంట ఉంది, చూశాను. షాపులో ఇన్నాళ్లూ కేబుల్ తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. సాయంత్రం చేసి చెబుతాను.

సాలూరు_ఘాటీ
కీచుమనే చప్పుడు వస్తే డిస్కు మీద కొంచెం కొబ్బరినూనె రాస్తే పోతుందని మా దగ్గర ఒకాయన అంటాడు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టినా పోతుందట. నిజమేనా?

దామన్‌జోడి_అక్క
వద్దు. ఏ నూనే వద్దు. ఏ స్ప్రే కూడా వద్దు.

ఒక్క_గేరు
చప్పుడు పోతుంది. దాంతో పాటు బ్రేకు కూడా పోతుంది.

జైపూర్_రైడర్
సాలూరు అన్నా, నవ్వుతూ రాయడం లేదు, దీని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. ప్యాడ్‌లో సన్నని రంధ్రాలుంటాయి, నూనె లోపలికి ఇంకిపోతుంది, ఎంత తుడిచినా పూర్తిగా రాదు, ప్యాడ్లు మార్చాల్సిందే. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు వెనక రోటర్ మీద తుంపర పడినా ఇదే జరుగుతుంది. మా కజిన్ సైకిల్‌కి అలాగే జరిగింది, జైపూర్ ఘాటీలో మలుపు దగ్గర వెనక బ్రేకు జారిపోయి ముందు బ్రేకు మీద ఆగాడు. రోటర్ తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలు, శుభ్రమైన గుడ్డ. అంతే. చేతి వేళ్లతో ముట్టుకున్నా ఒంటి జిడ్డు అంటుతుంది.

సాలూరు_ఘాటీ
అర్థమైంది, ఆయనకీ చెబుతాను. మరి కీచు ఎందుకు వస్తుంది?

దామన్‌జోడి_అక్క
రాసుకునే ‘శిస్’ వేరు, బ్రేకు వేసినప్పుడు వచ్చే కీచు వేరు. కీచు ఎక్కువగా జిడ్డు వల్ల, ప్యాడ్ నున్నబడటం వల్ల, కొత్త ప్యాడ్లని సరిగ్గా రోటర్‌కి అలవాటు చేయకపోవడం వల్ల వస్తుంది. వానలో తడిస్తే కూడా కాసేపు వస్తుంది. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఒక మోస్తరు వేగం అందుకుని, చక్రం జారిపోకుండా గట్టిగా నడక వేగం దాకా తగ్గించి, మళ్లీ వేగం అందుకుని, ఇలా ఒక ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ పదార్థం పలుచగా సమానంగా రోటర్ మీద పరుచుకుంటుంది. పట్టు అక్కడి నుంచి వస్తుంది. ఈ పని చేయకుండా నేరుగా ఘాటీకి వెళ్లే వాళ్లే ఎక్కువ.

సెమిలిగుడ_సవారీ
అక్కా, మీరు చెప్పినట్టు చూశాం. మా తమ్ముడు లీవరు నొక్కాడు, నేను టార్చి పెట్టి చూశాను. బయటి ప్యాడ్ చక్కగా వస్తోంది. లోపలి ప్యాడ్ దాదాపు కదలడం లేదు. రోటర్ లోపలికి వంగుతోంది, కళ్లకి కనిపిస్తోంది. లీవరు వదిలాక రోటర్ తిరిగి వస్తోంది గానీ బయటి ప్యాడ్‌కి ఆనుకునే ఉంటోంది.

బరంపురం_బాబాయ్
దొరికింది దొంగ.

రాయగడ_పెడల్
అయితే నా లీవరు అనుమానం పక్కన పెట్టేయొచ్చు. రెండు పిస్టన్లూ బయటికి వచ్చి ఉంటే రెండు వైపులా తగలాలి.

దామన్‌జోడి_అక్క
పక్కన పెట్టక్కర్లేదు, రెండూ కలిసి జరిగి ఉండొచ్చు. పిస్టన్ బయటికి వచ్చిన మేర దాని అంచుకి మట్టి పట్టి ఉంటే, అది మళ్లీ లోపలికి వెళ్లేటప్పుడు బిగుసుకుంటుంది.

ఇక్కడ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే పని సులువవుతుంది. పిస్టన్ చుట్టూ చదరపు అంచున్న రబ్బరు సీలు ఉంటుంది. లీవరు నొక్కినప్పుడు ఆయిల్ పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, సీలు దాన్ని పట్టుకునే ఉండి కొంచెం మెలి తిరుగుతుంది. వదిలినప్పుడు ఆ మెలి విప్పుకుంటూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. స్ప్రింగు అనుకుంటారు గానీ ప్యాడ్ల మధ్య ఉండే పలుచని రేకు స్ప్రింగు పని కొంచెమే, ప్యాడ్‌ని కదలకుండా పట్టడం. అసలు లాగేది సీలే. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ సీలులో కొంచెం కొంచెం ముందుకి జారి తనంతట తానే సర్దుకుంటుంది. పిస్టన్ పక్కలకి ఎర్రమట్టి, ప్యాడ్ పొడి కలిసి గట్టిపడితే ఆ జారడం, వెనక్కి రావడం రెండూ చెడతాయి. ఒకటి బిగుసుకుంటే ఆయిల్ సులువైన దారి చూసుకుని రెండో దాన్నే ఎక్కువ తోస్తుంది. మీరు క్యాలిపర్ ఎక్కడ బిగించినా అది మళ్లీ అదే చేస్తుంది, అందుకే షాపులో సర్దినా నిలవలేదు.

చేయాల్సింది: చక్రం తీయండి. ప్యాడ్లు పట్టే పిన్ను తీసి ప్యాడ్లు బయటికి తీయండి, శుభ్రమైన కాగితంలో పెట్టండి, చేతి జిడ్డు తగలనివ్వకండి. కదులుతున్న పిస్టన్‌ని ప్లాస్టిక్ టైరు లీవరుతో నొక్కి పట్టుకుని, బ్రేకు లీవరు చాలా మెల్లగా నొక్కండి, మొండికేసినది రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు. ఎక్కువ నొక్కితే పిస్టన్ ఊడి చేతిలో పడుతుంది, ఆయిలంతా పోతుంది. దూదిపుల్ల ఆల్కహాలులో ముంచి పిస్టన్ చుట్టూ తుడవండి, నల్లటి మురికి వస్తుంది. తర్వాత ఇంకో దూదిపుల్లతో షిమానో మినరల్ ఆయిల్ ఒక్క చుక్క పిస్టన్ పక్కలకి రాయండి. టైరు లీవరుతో నిటారుగా లోపలికి తోయండి. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి, రెండూ సమానంగా కదిలే దాకా. ఆఖర్న మిగిలిన ఆయిలంతా ఆల్కహాలుతో తుడిచేశాకే ప్యాడ్లు పెట్టండి.

జైపూర్_రైడర్
స్క్రూడ్రైవరుతో తోయకండి. కొన్ని షిమానో పిస్టన్లు పింగాణీ రకం, ఒక మూల నొక్కితే పగులుతాయి. పగిలితే క్యాలిపరే మార్చాలి.

సాలూరు_ఘాటీ
మినరల్ ఆయిల్ దొరక్కపోతే మోటారు బండి బ్రేకు ఆయిల్ వాడొచ్చా? అది ఏ ఆటో షాపులో అయినా ఉంటుంది.

రాయగడ_పెడల్
షిమానో, టెక్ట్రో వాటికి అస్సలు వద్దు. మోటారు సైకిల్‌లో వాడేది డాట్ ఆయిల్. మినరల్ ఆయిల్‌కి చేసిన సీలు దానికి ఉబ్బిపోతుంది, ఉబ్బితే పిస్టన్ ఇరుక్కుపోతుంది, ఇప్పుడున్న జబ్బే పదింతలు. శ్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఆయిలే వాడాలి, వాటిలో మినరల్ పోసినా అంతే ప్రమాదం. ఏది పోయాలో లీవరు దగ్గర ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉంటుంది, చదివి పోయండి. మా ఊళ్లో ఒక షాపులో ఒకరి సైకిల్‌కి డాట్ పోసి ఇచ్చారు, వారంలోనే లీవరు వెనక్కి రావడం మానేసింది, లీవరూ క్యాలిపరూ రెండూ మార్చాల్సి వచ్చింది. డాట్ పెయింటుని కూడా తినేస్తుంది.

గుణుపురం_మాస్టారు
బయటి నుంచి రాయడానికి ఒక్క చుక్క చాలు కాబట్టి చిన్న సీసా తెప్పించుకుంటే ఏళ్లు వస్తుంది. దాని కోసం తప్పుడు ఆయిల్ వాడే అవసరం లేదు. అక్క రాసిన వేడి సంగతి చదివాక ఒక మాట అనాలి, చదునైన దారికి నేను చెప్పింది చెల్లుతుంది, ఘాటీకి చెల్లదు.

జైపూర్_రైడర్
👍 మాస్టారూ.

బరంపురం_బాబాయ్
ఆయిల్ మాట వచ్చింది కాబట్టి. ప్యాడ్లు అరిగి ఉన్నప్పుడు లీవరు లూజుగా ఉందని కొందరు పైనుంచి ఆయిల్ నింపుతారు. తర్వాత కొత్త ప్యాడ్లు వేస్తే పిస్టన్లు పూర్తిగా లోపలికి వెళ్లాలి కదా, లోపలున్న ఆయిల్‌కి వెళ్లడానికి చోటుండదు. అప్పుడూ రాసుకుంటుంది. ఎంత సర్దినా పోదు. అలాంటప్పుడు బ్లీడ్ స్క్రూ (ఆయిల్ వదిలే మర) తీసి ఎక్కువైంది బయటికి వదలాలి.

పర్లాకిమిడి_కుర్రాడు
నాది పని చేసింది! లోపలి ప్యాడ్‌ని ఆలెన్ కీతో దగ్గరికి తెచ్చాను, కేబుల్‌ని కొంచెం వదులు చేశాను, ఇప్పుడు బ్రేకు మునుపటికంటే గట్టిగా పడుతోంది. కానీ చుట్టుకోసారి ‘చిక్’ మంటోంది. చక్రం తిప్పి పక్క నుంచి చూస్తే రోటర్ ఒక చోట ప్యాడ్ వైపుకి ఒరుగుతోంది.

జైపూర్_రైడర్
ఇప్పుడు వంచడానికి నాకు అనుమతి ఉందా బాబాయ్?

బరంపురం_బాబాయ్
చక్రం కూర్చుంది, ప్యాడ్ సర్దాడు, ఇప్పుడు ఉంది. అయినా రోటర్ బోల్టులు ఆరూ బిగువుగా ఉన్నాయో లేదో ముందు చూడమను. ఒకటి వదులైనా రోటర్ అలాగే ఊగుతుంది. వాటికి టీ25 నక్షత్రం కీ కావాలి, మామూలు ఆలెన్ కీ దూర్చితే తల చెడిపోతుంది. ఎదురెదురు బోల్టులు ఒకటి తర్వాత ఒకటి బిగించాలి, వరుసగా కాదు.

జైపూర్_రైడర్
కుర్రాడా, ఒరిగిన చోట సున్నా గుర్తు పెట్టుకో మార్కరుతో, రోటర్ అంచు మీద కాదు, దాని కడ్డీల మీద, అంటే మధ్యలో ప్యాడ్ తగలని చోట. తర్వాత శుభ్రంగా తుడిచిన చిన్న సర్దుబాటు పానాతో గానీ, గుడ్డ చుట్టిన బొటనవేళ్లతో గానీ చాలా తక్కువగా వ్యతిరేక దిశకి ఒత్తు. తిప్పి చూడు. మళ్లీ ఒత్తు. ఒకేసారి గట్టిగా వంచితే అవతలి పక్కకి పోతుంది. ఘాటీ దిగిన వెంటనే చేయొద్దు, రోటర్ కాలిపోయేంత వేడిగా ఉంటుంది, వేళ్లు అంటుకుంటాయి. వంకర ఎక్కువై అప్పడంలా అలలు తేలి ఉంటే వంచడం మానేసి కొత్తది కొనుక్కో.

దామన్‌జోడి_అక్క
పానా నోటికి జిడ్డు లేకుండా చూసుకోవాలి, లేకపోతే రోటర్ మీదికి అదే వస్తుంది. రోటర్ మందం కూడా ఒకసారి చూడు బాబూ. షిమానో రోటర్ కొత్తగా ఉన్నప్పుడు 1.8 మి.మీ., 1.5కి అరిగితే మార్చేయాలి, రోటర్ మీదే ఆ అంకె చెక్కి ఉంటుంది. అరిగి పలచబడిన రోటర్ త్వరగా వంగుతుంది. అలాగే తక్కువ ధర రోటర్ల మీద రెజిన్ ప్యాడ్ మాత్రమే అని ఉంటుంది. వాటికి మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్ తొందరగా తినేస్తాయి.

సాలూరు_ఘాటీ
నాకు ఇంకో రకం. కూర్చుని తొక్కుతుంటే చప్పుడు లేదు. ఎత్తులో లేచి నిలబడి తొక్కితే వెనక ‘టింగ్ టింగ్’.

రాయగడ_పెడల్
రిమ్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. కటకటమని ఆడితే హబ్ (చక్రం నడిమి భాగం) బేరింగు వదులైంది. ఆడకపోతే క్విక్ రిలీజ్ బిగువు తక్కువ, లేదా స్పోకులు వదులు. నిలబడి తొక్కినప్పుడు చక్రం పక్కకి వంగుతుంది, దాంతో రోటర్ కూడా కదులుతుంది. బేరింగు వదులుగా ఉంటే మాత్రం ప్యాడ్ సందు సర్దడం దండగ, ముందు హబ్ చూపించండి.

సాలూరు_ఘాటీ
ఆడుతోంది. హబ్బే.

సెమిలిగుడ_సవారీ
పని పూర్తయింది. ప్యాడ్లు తీస్తే పిస్టన్ చుట్టూ ఎర్రగా నల్లగా గట్టి పొర, దూదిపుల్లలు మొత్తం నల్లబడ్డాయి. లోపలి పిస్టన్ మొదట అసలు రాలేదు, తమ్ముడు బయటి దాన్ని నొక్కి పట్టుకున్నాక లీవరుని మెల్లగా నొక్కితే కదిలింది. ఆయిల్ చుక్క రాసి లోపలికీ బయటికీ ఆడించాక రెండూ సమానంగా వచ్చాయి. ప్యాడ్ మందం చూశాను, పదార్థం ఒక మిల్లీమీటరు పైనే ఉంది. తర్వాత క్యాలిపర్ సర్దడం దగ్గర మళ్లీ కొంచెం ఇబ్బంది. లీవరు నొక్కి బోల్టు బిగిస్తుంటే ఆఖరి పావు తిప్పుడులో క్యాలిపర్ మెలి తిరిగి పక్కకి పోతోంది.

దామన్‌జోడి_అక్క
అందరికీ అదే జరుగుతుంది. రెండు బోల్టులనీ ఒకేసారి పూర్తిగా బిగించొద్దు. ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి. అయినా జరుగుతుంటే లీవరు పద్ధతి వదిలేసి, బోల్టులు సగం బిగువులో పెట్టి, తెల్ల కాగితం మీద టార్చి వెలుగులో సందు చూస్తూ క్యాలిపర్‌ని చేత్తో జరిపి బిగించండి. చౌక ఫ్రేముల్లో క్యాలిపర్ కూర్చునే చోట పెయింటు గడ్డకట్టి ఉంటే కూడా ఇలా మెలి తిరుగుతుంది, గోరుతో గీరి చూడండి. ఆఖరి బిగువు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు, అంటే పొట్టి ఆలెన్ కీతో గట్టిగా, బలమంతా పెట్టకుండా.

సెమిలిగుడ_సవారీ
పెయింటు ఉంది అక్కా, పైన ఒక మూల. గీరేశాను. చేత్తో జరిపి బిగించాను. ఇప్పుడు చక్రం ధారాళంగా తిరుగుతోంది, సునాబెడ వైపు వెళ్లి గట్టిగా బ్రేకులు వేసి వచ్చినా సందు మారలేదు. ఒక చోట చాలా సన్నగా ‘టింగ్’ ఉంది, అది అలాగే వదిలేశాను. షాపువాడికి కూడా ఈ పిస్టన్ సంగతి చూపిస్తాను, ఇక్కడ డిస్కు సైకిళ్లు పెరుగుతున్నాయి, ఆయనకి తెలిస్తే అందరికీ ఉపయోగం.

గుణుపురం_మాస్టారు
షాపువాడికి చూపించడం మంచి పని. వాళ్లకి నేర్పే వాళ్లే లేరు ఇక్కడ. వీలైతే ఒడియాలో చెప్పండి, తొందరగా అందుకుంటాడు.

ఒక్క_గేరు
సుత్తిని మాత్రం దాచేయమనండి.

సెమిలిగుడ_సవారీ
వెనక బ్రేకుకి కూడా ఇదంతా ఇప్పుడే చేయాలా? దానికి చప్పుడు లేదు.

దామన్‌జోడి_అక్క
రెండు పిస్టన్లూ సమానంగా కదులుతున్నాయేమో టార్చితో చూడండి, కదులుతుంటే ముట్టుకోకండి. వానలు తగ్గాక ప్యాడ్లు తీసి తుడుచుకోండి. దిగేటప్పుడు మాత్రం లీవర్లు అదే పనిగా పట్టి ఉంచకుండా, మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ నొక్కండి. మధ్యలో రోటర్‌కి గాలి తగిలే సమయం ఉండాలి. ప్యాడ్ పదార్థం 0.5 మి.మీ.కి వచ్చిందంటే ఇంకా కొంచెం వస్తుందిలే అనుకోకుండా మార్చేయండి.

పర్లాకిమిడి_కుర్రాడు
రోటర్ కూడా సరి అయింది. బోల్టుల్లో ఒకటి నిజంగానే వదులుగా ఉంది బాబాయ్, అది బిగించాక సగం వంకర దానంతట అదే పోయింది, మిగతాది గుడ్డతో ఒత్తాను. నా ప్యాడ్లు మాత్రం అరిగాయి. ఏవైనా కొనేయొచ్చా?

రాయగడ_పెడల్
ఏవైనా పడవు. పాత ప్యాడ్ తీసి ఫోటో పెట్టు, ఆకారం చూసి చెబుతాం. క్యాలిపర్ మీద మోడల్ పేరు ఉంటే అదీ రాయి.

పర్లాకిమిడి_కుర్రాడు
ఫోటో రేపు పెడతాను, ఇక్కడ కరెంటు పోయింది.